ఆ గొంతుల వెనుక కూడా ఒక సంపాదకుడు కావాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాడ్‌కాస్ట్‌ల గురించి, అంటే ఫోనులో కావలసినప్పుడు పెట్టుకుని వినే మాటల కార్యక్రమాల గురించి, వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. పొద్దున్నే పార్కుల్లో పరుగెత్తేవాళ్లు, మెట్రో రైళ్లలో ఆఫీసులకు వెళ్లేవాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నారనీ, నగర యువతకు ఇది కొత్త వ్యాపకమనీ రాశారు. రాసింది తప్పని అనను. అయితే మా శ్రీకాకుళం జిల్లాలో పాడ్‌కాస్ట్‌లు వినేవాళ్లలో నాకు అందరికంటే దగ్గరి మనిషికి 68 ఏళ్లు. కవిటి దగ్గర కొబ్బరి రైతు. సోమవారం, గురువారం సోంపేట వెళ్లి డయాలసిస్ మంచం మీద నాలుగేసి గంటలు పడుకుని వస్తాడు. ఆయన మా అన్నయ్య. ఈ ఉత్తరం ఆయన కోసం, ఆయనలాంటి వాళ్ల కోసం రాస్తున్నాను. కాస్త పొడుగైనా దయచేసి కత్తిరించకుండా వేయండి.

కవిటి, సోంపేటల చుట్టుపక్కల మా ఉద్దానం ప్రాంతాన్ని పట్టిన కిడ్నీ జబ్బు గురించి మీ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఇంతమందికి ఎందుకు వస్తోందో పరిశోధకులు ఇప్పటికీ ఒక మాట మీదకు రాలేదు. ఆ సంగతి మీ విలేకరులే నాకంటే బాగా రాస్తున్నారు. నేను చెప్పదలచుకున్నది ఆ మంచం మీద గడిచే నాలుగు గంటల గురించి. అన్నయ్య ఎడమ చేతిలో రెండు రక్తనాళాలను కలిపి ఫిస్టులా వేశారు. అందులోకి రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు. ఒకదాంట్లోంచి రక్తం యంత్రంలోకి పోతుంది, రెండోదాంట్లోంచి శుభ్రపడి ఒంట్లోకి వస్తుంది. అంతసేపూ ఆ చేయి కదపకూడదు. ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ పేపరు చదివే మనిషి కాబట్టి మొదట్లో మీ పత్రిక చంకలో పెట్టుకుని వెళ్లేవాడు. వెల్లకిలా పడుకుని ఒక్క కుడి చేత్తో అంత పెద్ద కాగితం తిప్పడం ఎంత కష్టమో చూస్తేనే తెలుస్తుంది. మడత జారి మొహం మీద పడేది. పక్క మంచానికి వేలాడేది. నెల తిరగకుండానే మానేశాడు. ఆ తరవాత చాలా రోజులు పైకప్పు చూస్తూ, యంత్రం మీద తగ్గుతున్న నిమిషాలు లెక్కపెడుతూ గడిపాడు.

2021లో పదవీ విరమణ చేశాక నేను అప్పుడప్పుడు ఆయనకు తోడు వెళ్లడం మొదలుపెట్టాను. ఫోనులో పాడ్‌కాస్ట్‌లు ఎలా వెతకాలో, ఇంటి దగ్గరే దించుకుని డేటా లేకుండా ఎలా వినాలో మేనల్లుడు నాకు నేర్పాడు, నేను అన్నయ్యకు నేర్పాను. ఆయన ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాడు. రెండో చెవి నర్సు పిలుపు కోసం, యంత్రం మోగితే వినపడడం కోసం. మొదట పురాణ ప్రసంగాలు విన్నాడు. తరవాత చరిత్ర, పాత కథలు, వ్యవసాయం. పక్క మంచం మనిషి ఏమి వింటున్నారని అడిగితే ఇయర్‌ఫోన్ ఊడదీసి, ఫోనును రెండు మంచాల మధ్య స్టూలు మీద పెట్టి చిన్నగా మోగించాడట. ఇప్పుడు తిరిగి వచ్చే ఆటోలో నలుగురు రోగులు ఆ కథ ముగింపు గురించి వాదించుకుంటూ వస్తారు. జబ్బు కబురు తప్ప వేరే మాట లేని ఆటో అది. "చెల్లెమ్మా, ఈ రోజు నాలుగు గంటలు రెండు గంటల్లా గడిచాయి" అని అన్నయ్య ఫోను చేసి చెప్పిన సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తు.

పాడ్‌కాస్ట్ ఆకర్షణ ఎక్కడుందని మీ వ్యాసం అడిగింది. అది కళ్లకు, చేతులకు పని పెట్టదు. పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లకు, మిషను కుట్టేవాళ్లకు, బాలింతలకు, చూపు మందగించినవాళ్లకు చెవి ఒక్కటే ఖాళీ. ఆ ఖాళీలో ఒక మనిషి గొంతు వచ్చి కూర్చుంటుంది. అది ఎంత విలువైనదో నేను ఉద్యోగంలో చూశాను.

నేను 38 ఏళ్లు తపాలా శాఖలో పనిచేసి సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. చేరిన కొత్తలో రేడియో లైసెన్సులు మా కౌంటర్లోనే ఇచ్చేవాళ్లం. చిన్న పుస్తకంలో స్టాంపు అంటించి ముద్ర వేయడం నా మొదటి పనుల్లో ఒకటి. కొద్ది కాలానికే వాటిని ఎత్తేశారు. గొంతు విలువ మాత్రం నాకు మనియార్డర్ల దగ్గర తెలిసింది. మా ప్రాంతం నుంచి ఖరగ్‌పూర్ రైల్వేకు, మద్రాసుకు, హైదరాబాదుకు పనులకు వెళ్లినవాళ్లు ఇళ్లకు డబ్బు పంపేవారు. మనియార్డరు ఫారం అడుగున చిన్న కూపను ఉండేది, అందులో మూడు నాలుగు వాక్యాలకే చోటు. పోస్ట్‌మన్ ఇంటికెళ్లి డబ్బు ఇచ్చి వచ్చినా, చదువు రాని తల్లులు ఆ కూపను కొంగున ముడి వేసుకుని నా కౌంటరు దగ్గరకు వచ్చేవారు. "అమ్మా, నేను క్షేమం. నాన్నకు మందులు కొను. పండక్కి వస్తాను." ఇంతే ఉండేది. చదివితే, "మరొక్కసారి చదువమ్మా" అనేవారు. డబ్బు అప్పటికే చేతికి అందింది. వాళ్లు వచ్చింది కొడుకు మాట చెవిన పడడం కోసం. నా గొంతులో వాళ్ల కొడుకు గొంతు వినేవారు. అందుకే ఒక్క పొల్లు కూడా మార్చకుండా చదివేదాన్ని. తప్పు చదివితే ఆ తల్లి దాన్నే నమ్మి వెళ్లిపోతుంది, సరిచూసుకునే దారి ఆమెకు లేదు.

ఆ భయమే ఇప్పుడు నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

మూడేళ్ల కిందట ఎండాకాలంలో అన్నయ్యకు ఫోనులో కొత్త ఆరోగ్య కార్యక్రమం ఒకటి దొరికింది. చెప్పే మనిషిది చక్కని తెలుగు. తొందర లేదు, ఆర్భాటం లేదు. "నాన్నగారూ, అమ్మగారూ" అంటూ కన్నకొడుకు పక్కన కూర్చుని చెప్పినట్టే ఉంటుంది. నేనూ విన్నాను, నాకూ నచ్చింది. ఒక రోజు ఆ గొంతు, కిడ్నీలను కడిగి శుభ్రం చేయడానికి లేత కొబ్బరినీళ్లను మించినది లేదని, పొద్దున, సాయంత్రం తాగమని చెప్పింది. మా అన్నయ్యది కొబ్బరి తోట. చెట్టు నిండా బొండాలు. ఆస్పత్రిలో వద్దని చెప్పిన సంగతి ఆయనకు తెలుసు. అయినా నాలుగు రోజులు తాగాడు. ఆస్పత్రిలో చెప్పేవాళ్లు రోజుకు ఎంతోమందికి గబగబా చెబుతారు, ఈ మనిషి నాకోసమే నిదానంగా చెప్పాడనిపించిందని తరవాత నాతో అన్నాడు.

డయాలసిస్ చేయించుకునేవాళ్లకు కొబ్బరినీళ్లు ప్రమాదం. వాటిలో పొటాషియం ఎక్కువ. మంచి కిడ్నీలైతే ఎక్కువైన పొటాషియాన్ని బయటకు పంపేస్తాయి. పనిచేయని కిడ్నీలు పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. నాలుగో రోజు రాత్రి అన్నయ్యకు కాళ్లు బరువెక్కి ఊపిరి ఆడలేదు. వదిన వీధిలోకి వచ్చి కేకలు వేస్తే పక్కింటి కుర్రాడు ఆటో తీశాడు. ఆ రాత్రి అత్యవసరంగా డయాలసిస్ చేశారు. తెల్లారేసరికి నేను నరసన్నపేట నుంచి వెళ్లాను. మనిషి బతికి బయటపడ్డాడు. డాక్టరుగారు కోప్పడలేదు. ఏమి విన్నారో ఒకసారి వినిపించమని అడిగి, రెండు నిమిషాలు విని, ఫోను తిరిగి ఇచ్చేశారు.

ఆ కార్యక్రమం ఎవరిదో తెలుసుకోవాలని రెండు రోజులు వెతికాను. మీ పత్రిక చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో సంపాదకుడు ఎవరో, ప్రచురణకర్త ఎవరో, ఎక్కడ ముద్రించారో ఉంటుంది. 38 ఏళ్లు చిరునామాలు చూసిన కళ్లు కాబట్టి ఆ వరుస నా కంట తప్పక పడుతుంది. ఆ కార్యక్రమానికి అలాంటి వరుస లేదు. ఊరు లేదు, పేరు లేదు. ఉన్నదల్లా ఏదో పొడి తెప్పించుకోవడానికి ఒక ఫోను నంబరు. ఫిర్యాదు రాశాను. జవాబు రాలేదు. ఆ భాగం ఇంకా అక్కడే ఉంది.

అయ్యా, మీ పత్రికలోనూ తప్పులు పడతాయి. పడిన మర్నాడు లోపలి పేజీలో 'సవరణ' అని వేస్తారు. ఆ చిన్న పెట్టె వేసేవాళ్లున్నారన్న ధైర్యంతోనే మేము మిగతా పేజీలు నమ్ముతాం. అచ్చులో ఉన్నదాన్ని మనిషి కొంత దూరం నుంచి చదువుతాడు, అనుమానిస్తాడు, పక్కవాడికి చూపిస్తాడు. చెవిలో దూరిన గొంతు సంగతి వేరు. అది ఒంటరిగా ఉన్నప్పుడు వస్తుంది, రోజూ అదే వేళకు వస్తుంది, పది రోజుల్లో చుట్టమైపోతుంది. ఇంత నమ్మకం సంపాదించే సాధనాన్ని, తప్పుకు బాధ్యత వహించే అలవాటున్న మీలాంటి వాళ్లు ఇంతకాలం పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంది. జిల్లా అంతటా విలేకరులున్నారు, రాసినదాన్ని దిద్దే సబ్ ఎడిటర్లున్నారు. పొడులు అమ్ముకునేవాళ్లకు ఇవేవీ లేవు. అయినా మా అన్నయ్య చెవి దగ్గరకు వాళ్లే ముందు చేరారు.

పాడ్‌కాస్ట్ అంటే పెద్ద కంపెనీల సొత్తు, మనకు అందేది కాదు అనుకునేవాళ్ల కోసం దాని పుట్టుక గురించి రెండు మాటలు చెబుతాను. ఇది తెలుసుకున్నప్పుడు తపాలా మనిషిగా నాకు చాలా సంతోషం కలిగింది. అమెరికాలో ఆడమ్ కర్రీ అనే మాజీ టీవీ వ్యాఖ్యాత, డేవ్ వైనర్ అనే ప్రోగ్రామరు కలిసి దీనికి దారి వేశారు. అప్పటికే వెబ్‌సైట్లలో కొత్తగా రాసినవి చందాదారులకు వాటంతటవే చేరేలా ఆర్‌ఎస్‌ఎస్ అనే ఫీడు పద్ధతి ఉండేది. దానికి ఒక ధ్వని ఫైలును జతచేసి పంపే ఏర్పాటును వైనర్ కల్పించాడు. దానికి పెట్టిన పేరు ఎన్‌క్లోజర్. మేము ఉత్తరం చివర 'జతపరచినవి' అని రాసి కాగితాలు కుట్టి పంపుతామే, అదే మాట, అదే పని. 2004 ఫిబ్రవరిలో బెన్ హామర్స్‌లీ అనే విలేకరి ఇంగ్లండులోని గార్డియన్ పత్రికలో రాస్తూ, ఈ కొత్త పద్ధతికి ఏ పేరు పెట్టవచ్చో చెబుతూ 'పాడ్‌కాస్టింగ్' అన్నాడు. చూడండి, ఆ పేరు కూడా ఒక పత్రికలోనే పుట్టింది. 2005 జూన్‌లో ఆపిల్ కంపెనీ తన ఐట్యూన్స్‌లో చోటిచ్చాక లోకమంతా పాకింది. మన దగ్గర 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌక అయ్యేదాకా పల్లెలకు అందలేదు.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఫీడుకు ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామా చేతిలో ఉంటే ఏ యాప్‌లోనైనా వినవచ్చు. ఒక పోస్టాఫీసు మూసేస్తే ఉత్తరాలు ఇంకో పోస్టాఫీసు ద్వారా వచ్చినట్టు. అన్నయ్య మొదట వాడిన యాప్ ఒక రోజు మూతపడింది. ఆయన దాచుకున్న జాబితా పోయిందని చాలా బెంగపడ్డాడు. ఫీడు ఉన్న కార్యక్రమాలన్నీ మేనల్లుడు అరగంటలో వేరే యాప్‌లోకి తెచ్చాడు. కేవలం ఆ ఒక్క యాప్‌లోనే ఉంచినవి మాత్రం దొరకలేదు. కాబట్టి మీరు ఈ పని మొదలుపెడితే, మీ కార్యక్రమాన్ని ఒక్క కంపెనీ గుమ్మంలో కట్టేయకండి.

ఇప్పుడు పాడ్‌కాస్ట్ అంటే ఇద్దరు మనుషులు మైకుల ముందు కూర్చున్న వీడియో అయిపోతోంది. నెలకు 100 కోట్ల మందికి పైగా తమ దగ్గర పాడ్‌కాస్ట్‌లు చూస్తున్నారని 2025 ఫిబ్రవరిలో యూట్యూబ్ ప్రకటించింది. చూసేవాళ్లను చూడనివ్వండి. కానీ భవిష్యత్తు అంతా అదేనంటే నేను ఒప్పుకోను. వీడియోకు డేటా ఎక్కువ, బ్యాటరీ ఎక్కువ, కళ్లు అప్పగించాలి. మా వదిన పక్కింటివాళ్ల అబ్బాయి గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోటు మీద పనిచేస్తాడు. శ్రీకాకుళం, విజయనగరం తీరం నుంచి అక్కడికి ఎంతమంది వెళతారో 2018లో పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరిలో 20 మంది విడుదలై వచ్చినప్పుడు రాష్ట్రమంతా తెలుసుకుంది. ఈ అబ్బాయి రేవులో ఉన్న పూటే పాటలు, కథలు, మాటలు ఫోనులోకి దించుకుంటాడు. ఆ తరవాత రెండు మూడు వారాలు సిగ్నలుండదు. వల లాగే వేళ ఎవరూ వీడియో చూడలేరు. రాత్రి కాపలా ఉన్నవాడికి తెలుగులో ఒక గొంతు వినపడితే చాలు, తెల్లవారే దాకా మెలకువగా ఉంటాడట.

అలా వినే తెలుగు ఎవరి తెలుగు అన్నది నాకు ముఖ్యమైన సంగతి. అన్నయ్య వినే కార్యక్రమాలు దాదాపు అన్నీ హైదరాబాదు నుంచి వచ్చేవే. వాళ్లను తప్పు పట్టడం లేదు, వాళ్లు ముందు మొదలుపెట్టారు. కానీ ఒకసారి ఎవరో 'గెడ్డ' అన్నారు. వాగును మేము గెడ్డ అంటాం. ఆ ఒక్క మాటకు అన్నయ్య లేచి కూర్చోబోయాడట, సూదులున్న సంగతి మరిచిపోయి. 'మనవాడే' అన్నాడట పక్క మంచం ఆయనతో. మాట్లాడే భాషకు గౌరవం ఇప్పించడానికి జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టింది మా శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలోనే. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల మాట విని నేర్చుకుని నిఘంటువు కట్టారు. ఈ రోజు మీరు రాస్తున్న పత్రిక భాష ఆయన పోరాట ఫలం. అలాంటి జిల్లా మనుషులు తమ మాటను తమ ఫోనులో వినాలంటే ఎక్కడా దొరకదు. సీతంపేట సవరల గొంతు అసలే దొరకదు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి సన్నని నూలు వడికే పెద్దవాళ్ల మాటలు ఎవరైనా రికార్డు చేసి అందరికీ అందేలా పెట్టారేమో అని వెతికాను. ఫొటోలు బోలెడు దొరికాయి. ఆ పని చేస్తూ వాళ్లు మాట్లాడే మాటలు దొరకలేదు.

పోయిన శీతాకాలం నేనే ఒక ప్రయత్నం చేశాను. తిత్లీ తుపాను రాత్రి గురించి చెప్పమని అన్నయ్యను అడిగాను. మధ్యాహ్నం ఫ్యాను ఆపి, తలుపు వేసి, ఫోనును మంచం మీద ఆయనకు జానెడు దూరంలో దిండు మీద పెట్టాను. 41 నిమిషాలు మాట్లాడాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున గాలి ఎటు నుంచి ఎటు తిరిగిందో, కొబ్బరి మానులు విరిగే ముందు ఎలాంటి చప్పుడు చేశాయో, తెల్లారి తలుపు తీసేసరికి మధ్యలో చెట్లు లేక మూడో ఇంటివాళ్ల పెరడు కనపడడం ఎంత వింతగా ఉందో చెప్పాడు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. బ్యాటరీల ట్రాన్సిస్టరులో విశాఖ ఆకాశవాణి ఒక్కటే మాట్లాడిందని, వీధంతా దాని చుట్టూ నిలబడిందని చెప్పాడు. (అందుకే పాడ్‌కాస్ట్ వచ్చింది కాబట్టి రేడియో అక్కరలేదనేవాళ్లతో నేను ఏకీభవించను.) మధ్యలో పెరట్లో ఎవరో గునపం మీద కొబ్బరికాయ వలుస్తున్న చప్పుడు పడింది. తీసేద్దామనుకుని ఉంచేశాను. ఆ చప్పుడు లేకపోతే అది మా ఊరు అనిపించలేదు.

ఒక చోట మాత్రం, తుపాను పరిహారం పంపకం దగ్గర అన్నయ్య ఊళ్లో ఒకాయన పేరు చెప్పి, ఆయన చెట్ల లెక్క ఎక్కువ రాయించుకున్నాడని అన్నాడు. రికార్డింగు అయ్యాక నేను అడిగాను: "అన్నయ్యా, నువ్వు చూశావా, విన్నావా?" కాసేపు ఊరుకుని, "విన్నాను" అన్నాడు. ఆ రెండు నిమిషాలు మేనల్లుడి చేత తీయించాను. సంపాదకుడి కుర్చీలో కూర్చుని మీరు రోజూ చేసే పని ఏమిటో నాకు ఆ మధ్యాహ్నం కొంత అర్థమైంది.

మిగిలిన 39 నిమిషాలు చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. హైదరాబాదు నుంచి, కువైట్ నుంచి, వేరావల్ నుంచి ఫోన్లు వచ్చాయి. కంచిలి నుంచి మా పెదనాన్నగారి కోడలు తనంతట తానే ఆ రాత్రి కథ 20 నిమిషాలు చెప్పి పంపింది. ఇప్పటికి అలాంటివి 11 అయ్యాయి. ఇది ఏ ఖర్చూ లేకుండా ఒక ముసలామె, ఒక కాలేజీ కుర్రాడు చేసిన పని. మీకు ఎంత సాధ్యమో ఆలోచించండి.

ఇలాంటి పని మన తెలుగు నేల మీద ముందే జరిగింది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో పేద దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. వాళ్లు తమ విత్తనాల గురించి తమ మాటలోనే చెప్పుకున్నారు. కానీ కమ్యూనిటీ రేడియోకు ఇచ్చే శక్తి 100 వాట్లే, పది పదిహేను కిలోమీటర్లు దాటితే వినపడదు. పైగా కమ్యూనిటీ రేడియో గానీ ప్రైవేటు ఎఫ్‌ఎం గానీ సొంత వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలే వినిపించాలి. పాడ్‌కాస్ట్‌కు ఆ ఎల్లలు లేవు. వజ్రపుకొత్తూరు వార్త వజ్రపుకొత్తూరు మనిషి గొంతులో వేరావల్ బోటు దాకా వెళుతుంది.

నా కోరిక ఇది. మీ జిల్లా పేజీల్లోని వార్తలను రోజూ ఉదయం ఇరవై నిమిషాలు చదివి వినిపించండి. యంత్రం చేత చదివించవద్దు. ఇప్పుడు యంత్రాలు తెలుగు బాగానే చదువుతున్నాయి, కాదనను. కానీ చదివేవాళ్లు మా ఊళ్లకు వచ్చి వెళ్లినవాళ్లై ఉండాలి. మీ మండల విలేకరుల్లోనే మంచి గొంతులున్నవాళ్లు ఉంటారు, వాళ్లకు మైకు ఇవ్వండి. వాళ్ల మాటను హైదరాబాదు మాటగా దిద్దకండి. మొదట్లోనే సంపాదకుడి పేరు చెప్పండి. నిన్న చెప్పినదాంట్లో తప్పుంటే, కొత్త వార్తకు ముందు దాన్ని సరిదిద్దండి. ప్రకటన వచ్చే ముందు గంట మోగించండి. వార్త చదివిన గొంతుతోనే మందు అమ్మించవద్దు. అన్నయ్యలాంటివాళ్లకు వార్త ఎక్కడ ఆగి వ్యాపారం ఎక్కడ మొదలైందో తెలియాలి. వారానికి ఒక రోజు కిడ్నీ డాక్టరు ఒకరిని పిలిచి, ఏమి తినాలి, ఏమి తినకూడదు, ఎన్ని నీళ్లు తాగాలి అన్నది తొందర లేకుండా, మా వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబుగా చెప్పించండి. ఆ పొడి అమ్మినవాడికి ఉన్నంత ఓపిక అసలు డాక్టరు గొంతులో ఒక్కసారి వింటే మా వాళ్లు ఎవరిని నమ్మాలో తేల్చుకోగలరు.

ఇంకొక సంగతి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరిలో కథానిలయం పెట్టి, అచ్చయిన తెలుగు కథలన్నీ ఒక చోట చేర్చే పని మొదలుపెట్టారు. మాస్టారు 2021లో పోయారు. ఆ ఇల్లు, ఆ కథలు ఉన్నాయి. మీరు వినిపించే గొంతులను కూడా అలాగే జిల్లా గ్రంథాలయంలో ఒక చోట భద్రపరచండి. మా వైపు జానపద కళలైన తప్పెటగుళ్లు, జముకుల కథ చెప్పేవాళ్లలో పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్ల దగ్గరకు ఈ ఏడాదే వెళ్లాలి.

నా దగ్గరున్న 11 రికార్డింగులు మీకు ఏ షరతూ లేకుండా ఇస్తాను. మాట్లాడినవాళ్లందరి చేత ఒప్పుకోలు రాయించి, సంతకాలు తీసుకుని ఉంచాను. మీ నరసన్నపేట విలేకరి వస్తే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాను. అన్నయ్యను సోమవారం, గురువారం ఉదయం ఆరున్నరకు మంచం మీద పడుకోబెట్టి సూదులు పెడతారు. అంతకు ముందు ఆరు గంటలకు, ఇంట్లో వైఫై ఉన్నప్పుడే, వదిన ఆ పూట వినేవన్నీ ఆయన ఫోనులోకి దించి పెడుతుంది. మీ మొదటి భాగం ఆ వేళకు సిద్ధంగా ఉంటే, పక్క మంచం ఆయన కూడా వింటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత సబ్ పోస్ట్‌మాస్టర్,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా